ఆ ఎర్ర పులుసు వాసన నాకు తెలుసు

"అక్కా, రేపు హాట్‌పాట్‌కు పోదాం" అని తమ్ముడు అన్నప్పుడు నేను చపాతీలు పెట్టుకునే డబ్బా అనుకున్న. మన దగ్గర పెండ్లిళ్లల్ల చదివిస్తరు చూడండి, అది. "డబ్బా కాదే, చైనోళ్ల హోటలు. టేబులు నడుమనే పొయ్యి ఉంటది. పులుసు మరుగుతుంటె మనమే ముక్కలేసుకొని తినుడు" అన్నడు. పైసలు పోసి హోటలుకు పోయి మళ్ల మనమే వండుకునుడు ఏందిరా అని నవ్విన. వాడు నవ్వలేదు. కొద్దిసేపు ఆగి, "మా టీమోళ్లు వస్తున్నరు. తెలుగోళ్లే. ఊరి సంగతులు తియ్యకు" అన్నడు.

ఊరి సంగతులంటే ఏందో మా ఇద్దరికీ తెలుసు. అక్కడ తెలుగోళ్లు కలిస్తే ఊరి సంగతులే మాట్లాడుకుంటరు. మామిడితోట, తాతగారి మండువా ఇల్లు, సంక్రాంతికి గంగిరెద్దులు. అన్నీ ఊరి సంగతులే. మా ఊరి సంగతులు మాత్రం వాడకాడ మొదలయితయి కాబట్టి తియ్యొద్దు.

ఇది 2023 జూన్ ముచ్చట. నేను జనగామ దిక్కు ఒక డిగ్రీ కాలేజీల తెలుగు చెప్త. తమ్ముడు అమెరికాల, వాషింగ్టన్ రాష్ట్రం బెల్‌వ్యూ పట్నంల సాఫ్ట్‌వేర్ పని చేస్తడు. సెలవులల్ల చూసొద్దామని పోయిన. బెల్‌వ్యూకు, సియాటిల్‌కు నడుమ ఒక పెద్ద సరస్సు ఉంటది. దాని మీద నీళ్లల్ల తేలే వంతెనలు కట్టిన్రు. ఆ యేడు ఫిబ్రవరి 21న సియాటిల్ సిటీ కౌన్సిల్ కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. కౌన్సిల్ సభ్యురాలు క్షమా సావంత్ తెచ్చిన ప్రతిపాదన అది. అమెరికాల అంతకుముందు ఏ నగరమూ ఆ పని చెయ్యలేదు. పేపర్ల ఆ వార్త చదివి క్లాసుల పిల్లలకు సంబురంగ చెప్పిన. అక్కడికి పోయినంక తెలిసింది, ఆ చట్టం నీళ్లకు ఆ ఒడ్డునే. నా తమ్ముడు ఉండేది ఈ ఒడ్డున. ఊరికీ మనకూ నడుమ నీళ్లు అడ్డముండుడు మాకేమన్న కొత్తనా?

హోటలు బయట గంటసేపు నిలబడ్డం. అంత గిరాకి. లోపలికి పోతే పెండ్లి పందిరి లెక్క ఉంది, పొగ, నవ్వులు, గిన్నెల చప్పుడు. టేబులు నడుమ గుంత చేసి కరెంటు పొయ్యి పెట్టిన్రు. దాని మీద వెడల్పాటి గిన్నె. గిన్నె నడుమ వంకర తిరిగిన ఉక్కు గోడ. ఒక దిక్కు ఎర్ర పులుసు, ఎండు మిరపకాయలు గుప్పెళ్లకు గుప్పెళ్లు తేలుతున్నయి. ఇంకో దిక్కు తెల్లగ, పుట్టగొడుగుల చారు. ఈ రెండరల గిన్నెకు చైనాల ఒక బాతుల జంట పేరు పెట్టుకున్నరంట. ఆడబాతు, మగబాతు ఎప్పుడూ జంటగ ఈదుతయని చెప్పుకునే జాతి అది. మంచి పేరే.

మేము ఏడుగురం. తమ్ముడు, నేను, నలుగురు తెలుగు పిల్లగాండ్లు, చోంగ్‌చింగ్ నుంచి వచ్చిన ఒక చైనా అమ్మాయి. ఈ హోటలు ఎంచింది ఆ అమ్మాయే. మనోళ్లు నలుగురిల ఒకాయన శాకాహారి. కూర్చోంగనే తనకు వేరే చిన్న గిన్నె, వేరే గరిటె తెప్పిచ్చుకున్నడు. ఇంకొకాయన, తమ్ముని టీం లీడు, చికెన్ తింటడు, రొయ్యలు తింటడు, "బీఫ్ మాత్రం మాకు పడదక్కా, చిన్నప్పట్నించీ అలవాటు లేదు" అన్నడు. నేనడగకముందే అన్నడు. ఇక చూడండి, గిన్నె నడుమ గోడ పంచాయితీ మొదలైంది. బీఫ్ ఏ దిక్కు వెయ్యాలె, రొయ్య ఏ దిక్కు, ఏ గరిటె ఎందుల ముంచాలె. ఐదు నిమిషాలల్ల ఊరి మ్యాపు ఆ గిన్నెలకు దిగింది. మనోళ్లు సముద్రాలు దాటుతరు గని గీత దాటరు. చైనా అమ్మాయి ఓపికగ చూస్తుంది, అలర్జీలు అనుకున్నదో ఏమో.

నడుమ నడుమ నాకు పరీక్ష. "అక్కా, మీ ఇంటిపేరేంటి?" "మీది జనగామలో ఎటు సైడు?" "అక్కడ మా బాబాయి వాళ్లకి పొలాలుండేవి, మీవి ఎక్కడ?" ఈ ప్రశ్నలు ఎటు పోతయో మనకు తెలువదా? బస్సుల పక్క సీటామె అడుగుతది, అద్దె ఇల్లు ఓనరు అడుగుతడు, కాలేజీల కొత్తగొచ్చిన లెక్చరరు అడుగుతడు. తమ్ముడు ప్రతిసారి మాట మళ్లిస్తుండు. పదేండ్లుగ వాడు చేస్తున్న రెండో ఉద్యోగం అదేనని ఆ టేబులు కాడ కూర్చున్నంకనే నాకు సమజైంది.

ఎర్ర పులుసు మరుగుడు మొదలైంది. ఆవిరి నా ముఖానికి తగిలింది. మిరపకాయ ఘాటు, నాలుకను తిమ్మిరెక్కిచ్చే వాళ్ల మిరియాల వాసన, ఆ రెండిటి కింద ఇంకోటి. ఆ మూడో వాసన ఈ దేశం మనిషికి పట్టింపు లేదు, నాకు మాత్రం కడుపుల తిరిగింది. కాగిన గొడ్డు కొవ్వు.

నా చిన్నప్పుడు వాడల ఎద్దును కోస్తే పోగులేసేది. ఎవరి పోగు వాళ్లు బేసిన్లల్ల తెచ్చుకునేది. నాయిన తెచ్చి గడప ముందట పెట్టి బయటికి పోయేది. ఆడికి ఆయన పని అయిపోయింది. అమ్మ పని అప్పుడు మొదలయ్యేది. బోటి ఎత్తుకొని అమ్మ, చిన్నమ్మ వాగుకు పోయేది, వెనక నేను. పేగులను పుల్లతోటి తిరగేసి కడగాలె. పొరలు పొరలుగ పుస్తకం లెక్క ఉండే బోటిని ఒక్కొక్క పొర విప్పి, నడుమ ఇరికిన గడ్డి తీసెయ్యాలె. ఇంటికొచ్చి మసులుతున్న నీళ్లల్ల ముంచి, సున్నం రాసి, మీది నల్ల పొర గీకాలె. పొద్దుగూకేది. అమ్మ నడుము పట్టుకొని లేచేది. నెత్తురు ఉప్పేసి గడ్డ కట్టిస్తే నల్ల వండేది. కొవ్వు కరిగించి గురిగిల పోసి దాచేది. చలికాలం కాళ్ల పగుళ్లకు, కూరల పోపుకు అదే. మిగిలిన కూరను సన్నగ వారి దండెం మీద ఎండేస్తే తునకలు. మా ఇంట్ల తునకల దండెం ఉన్న రోజులల్ల నా జడ నుంచి కూడా ఆ వాసన వచ్చేది. బడిల సారు నన్ను కిటికీ పక్కకు కూర్చోమనేది. గాలి కోసమని అనేది. గాలి ఎవరికోసమో క్లాసంతటికీ తెలుసు.

ఇప్పుడు ఆ వాసనే, టేబులు నడుమ, నలభై డాలర్లకు.

చైనా అమ్మాయి ఒక ప్లేటు తెప్పిచ్చింది. ఐసు గడ్డల మీద నల్లగ పరిచి ఉంది. చూడంగనే గుర్తు పట్టిన. పుస్తకం లెక్క పొరలుండే అదే బోటి. పక్క ప్లేటుల బాతు నెత్తురు గడ్డ, ముక్కలు ముక్కలుగ కోసి. ఆ అమ్మాయి పుల్లలతోటి ఒక పొర పట్టుకొని ఎర్ర పులుసుల ముంచి లేపుతూ లెక్కబెట్టింది. ఏడుసార్లు పైకి, ఎనిమిదిసార్లు కిందికి అని వాళ్ల దగ్గర లెక్కట. పదిహేను సెకండ్లు. అంతకు మించితే రబ్బరయితదట. మా అమ్మ రెండు గంటలు ఉడకబెట్టేది. అది తేడా.

హోటలు గోడ మీద పెద్ద బొమ్మ ఉంది. ఒంటి మీద బట్ట లేని మనుషులు వరుసగ వంగి, భుజాల మీదికెళ్లి తాళ్లేసుకొని, నదిల పడవను గుంజుతున్నరు. వాళ్లెవరని ఆ అమ్మాయిని అడిగిన. చెప్పింది. చోంగ్‌చింగ్‌ల యాంగ్‌ట్సీ, జియాలింగ్ నదులు కలుస్తయి. ఆడి రేవుల పడవలు గుంజేటోళ్లు, మూటలు మోసేటోళ్లు వేల మంది. రేవు పక్కన గొడ్లను కోసే కాడ ఉన్నోళ్లు మంచి కూర తీసుకొని బోటి, పేగులు, నెత్తురు పారేస్తుంటే, లేకుంటే చవకకు ఇస్తుంటే, ఈ కూలోళ్లు వాటిని మిరపకాయలేసి మరగబెట్టుకొని తిన్నరని వాళ్ల దగ్గర చెప్పుకుంటరు. ఒకే గిన్నెను తొమ్మిది అరలు చేసి, ఒకరికొకరు తెలువని కూలోళ్లు చుట్టు కూర్చొని, ఎవరి అరల వాళ్లు ముంచుకునేదట. అడుగున పులుసు ఒక్కటే. ఈ ముచ్చట చెప్పేటప్పుడు ఆ అమ్మాయి ముఖంల ఎంత గర్వం! కూలోళ్ల తిండిని ఆ హోటలాయన దాచిపెట్టలేదు. బొమ్మ గీపిచ్చి గోడకు పెట్టిండు. దాని మీదనే వ్యాపారం చేసుకుంటుండు, అది వేరే సంగతి. ఆ పడవలోళ్ల మునిమనవలు ఇప్పుడు ఆ ధర పెట్టగలుగుతున్నరో లేదో కూడా అడగాల్సిందే. అయినా గోడ మీద బొమ్మ ఉంది. మన హైదరాబాదుల ఎంత పెద్ద హోటలయినా, ఈ తిండి మాదిగోళ్లది అని గోడకు రాసుకున్నది మీరెక్కడన్న చూసిన్రా?

సరిగ్గ అప్పుడే టీం లీడు ఎర్ర పులుసుల నుంచి రొయ్య, ఆలుగడ్డ తీసి నా గిన్నెల వేసి, "అక్కా, ఇటువైపుది తినండి. మూడేళ్ల నుంచి వస్తున్నా, ఈ టేస్టు ఇంకెక్కడా రాదు" అన్నడు. పాపం, ప్రేమగనే అన్నడు.

"తమ్మీ, ఈ పులుసు గొడ్డు కొవ్వుతోటి చేసింది" అన్న.

నవ్విండు. "లేదక్కా, బీఫ్ వేరే ప్లేటులో ఉంది, మనం ఇందులో వెయ్యలేదు" అని చైనా అమ్మాయిని అడిగిండు. ఆమె సంతోషంగ తలూపింది. "అవును, గొడ్డు కొవ్వే. అది లేకపోతే మా ఊరి హాట్‌పాటే కాదు" అన్నది.

టేబులు మీద మరుగుతున్న చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. టీం లీడు పుల్లలు కింద పెట్టిండు. ఒకాయన, "పర్లేదు అన్నా, తెలియక తింటే దోషం లేదు" అన్నడు. టీం లీడు ఆ మాట వినలేదు. హోటలోళ్లను పిలవలేదు. చైనా అమ్మాయిని ఏమీ అనలేదు. నా దిక్కు చూసిండు.

"మీకెలా తెలుసక్కా?" అన్నడు.

ఇప్పుడు చెప్పండి, ఇది వంట ప్రశ్ననా? ఇంటిపేరుతోని, ఊరి సైడుతోని, పొలాలతోని గంటసేపు తవ్వినా దొరకనిది ఒక్క ప్రశ్నతోటి దొరికింది. కొవ్వు తిన్నది ఆయన. మూడేండ్లు లొట్టలేసుకుంట తిన్నది ఆయన. దాన్ని వాసన పట్టిన నేను ముద్దాయినైన. తమ్ముని మోకాలు బల్ల కింద నా మోకాలుకు తాకింది. వద్దక్కా అని. ఆ మోకాలు వణుకు నాకింకా యాదికి ఉంది.

"మా ఇంట్ల వండుతరు. మా అమ్మ కొవ్వు కరిగించి దాచేది. మేము మాదిగోళ్లం" అన్న.

తెలియక తింటే దోషం లేదన్న మాట నన్ను చాన్నాళ్లు వదలలేదు. ఈ ఒక్క మాటల వేల ఏండ్ల కిటుకు ఉంది. మా తాత సచ్చిన గొడ్డును గుంజుకపోయి తోలు తీసి, నానబెట్టి, మోటకు బొక్కెన కుట్టి దొరకు ఇచ్చిండు. ఆ తోలు బొక్కెన రోజూ బావిల మునిగి లేచింది. ఆ నీళ్లే దొర పొలానికి పారినయి, ఆ నీళ్లకే వడ్లు పండినయి, ఆ అన్నమే నైవేద్యమైంది. దోషం లేదు. మా తాత చెయ్యి అదే బావిని తాకితే దోషం. మా నాయిన డప్పు మీది తోలు పెండ్లి ముందట మోగాలె, మా నాయిన పందిట్లకు రావొద్దు. పశువు వాళ్లకెప్పుడూ అడ్డం కాలేదు. దాన్ని చేత్తో పట్టుకున్న మనిషి, దాని పేరు చెప్పగల మనిషి, వాళ్లకు అడ్డం. తెలువకుండ తినుడు వాళ్లకిచ్చిన్రు, తెలుసుడు మాకిచ్చిన్రు. అంటరానితనం ఆ తెలివిడికి తగిలిచ్చిన్రు.

తిండి ఎవరిష్టం వాళ్లదని ఆ టేబులు కాడ ఒక పిల్లగాడు అన్నడు. మంచోడే, మాట చల్లబరుద్దామని అన్నడు. ఎవరిష్టం వాళ్లదైతే నా తమ్ముడు పదేండ్ల నుంచి ఆఫీసు డబ్బాల పప్పన్నమే ఎందుకు తీస్కపోతుండు? పెద్దకూర చైనా పేరుతోటి, కొరియా పేరుతోటి, బర్గరు పేరుతోటి వస్తే రుచి. మా అమ్మ కుండల నుంచి వస్తే కులం. 1948ల అంబేద్కర్ "ది అన్‌టచబుల్స్" అనే పుస్తకంల అంటరానితనం మూలాలను గొడ్డుమాంసం దగ్గర వెతికిండు. తినుడు మానినోళ్లకు, మాననోళ్లకు నడుమ గీత ఎట్ల పడ్డదో వాదించి చూపిండు. 75 ఏండ్లయినంక ఆ గీతను నేను స్టెయిన్‌లెస్ స్టీలుల చూసిన.

అయితే మనోళ్లతోటి కూడా నాకొక పంచాయితీ ఉంది. చదివే విద్యార్థులు, ఉద్యమకారులు కోపం చేసుకున్నా సరే. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాల బీఫ్ ఫెస్టివల్ జరిగినప్పుడు నేను పోయిన. అడ్డుకునేటోళ్లు వచ్చిన్రు, రాళ్లు పడ్డయి, పోలీసులొచ్చిన్రు. మా తిండి మా హక్కు అని నేను కూడా గొంతు చించుకున్న. ఇవ్వాళ కూడా ఆ నినాదం వెనక్కి తీసుకోను. తిండి పేరు మీద మనుషులను కొట్టి చంపుతున్న దేశంల, 2015ల దాద్రిల అఖ్లాక్‌ను చంపినంక, ఎట్ల తీసుకుంట? కాని ఆనాడు విన్న ఉపన్యాసాలల్ల బోటి ఎవరు కడుగుతరు అన్న మాట నా చెవికి సోకలేదు. నాయిన పోగు తెచ్చి గడప ముందట పెట్టి పోయినట్టే, మన మగోళ్లు కూరను స్టేజీ మీద పెట్టి పోయిన్రు. ఆమె నడుము నొప్పి వాగుకాడనే ఉంది. ఇంకోటి, ఈ తిండిని మేము మురిసిపోయి ఎంచుకోలేదు. మంచి కూర మాకు అందనియ్యలేదు కాబట్టి బోటి నేర్చుకున్నం. 1927ల మహద్ సభల సచ్చిన గొడ్డు తినుడు మానండని అంబేద్కరే చెప్పిండు. మా తాత మానింది ఆ మాటలు వాడకు చేరినంకనే. ఎట్టికి ఊరోళ్ల సచ్చిన గొడ్డును గుంజనని తెగేసి చెప్పి దెబ్బలు కూడా తిన్నడు. ఈ రెండూ ఒకే ఇంట్ల ఉన్నయి. రెండూ చెప్పాలె.

కార్ల వచ్చేటప్పుడు తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. వంతెన కనపడే కాడ కారు పక్కకు ఆపి అన్నడు. "నువ్వు పది రోజులల్ల పోతవు. నేను ఉండాలె. నా రేటింగు రాసేది ఆయన. నాది హెచ్‌వన్ వీసా. ఉద్యోగం పోతే అరవై రోజులల్ల ఇంకో కంపెనీ దొరకాలె, లేకుంటే సామాన్లు సర్దుకోవాలె. బిడ్డ ఈడ బడికి పోతుంది. నువ్వొక్క మాట అని చేతులు కడుక్కున్నవు."

జవాబు రాలేదు నాకు. ఎందుకంటే వాడు చెప్పింది అబద్ధం కాదు. నా సర్కారు కొలువు నన్ను కాపాడుతది. క్లాసుల నేనేమన్నా నన్ను ఊరు విడిచిపొమ్మనేటోడు లేడు. కులం దాచుకున్న మనోళ్లను సభలల్ల నేనే ఎన్నిసార్లు ఎగతాళి చెయ్యలేదు? ఇంటిపేరు మార్చుకున్నడని, పూజగది పెట్టుకున్నడని! వాళ్ల మోకాలు వణుకు నాకు ఎన్నడన్న తాకిందా? "సిగ్గుతోని దాచిన అనుకుంటున్నవా అక్కా? అమ్మను తల్చుకుంటే నాకు సిగ్గా? నేను లెక్కబెట్టుకొని దాచిన" అన్నడు. వాడి లెక్కను నేను ఒక్క పూటల చెరిపేసిన. చెరపాల్సింది వాణ్ని ఆ లెక్కలు చేయిస్తున్నోళ్లను అని నాకు తెలుసు. తెలిసినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఏమైందని అడుగుతరు. సినిమాల లెక్క ఏమీ కాలేదు. ఉద్యోగం పోలేదు. శుక్రవారం క్రికెట్‌కు పిలుసుడు తగ్గింది. "నీకు పని ఉంటుందేమో అనుకున్నాం" అంటున్నరట. ఆ యేడు రేటింగు ఒక మెట్టు తగ్గింది. ఎందుకు తగ్గిందో రాయరు కదా. కాగితం మీద కులం ఎప్పుడూ దొరకదు. అందుకే చట్టం కావాలంటున్నం. కాలిఫోర్నియాల రెండు సభలు దాటి పోయిన కుల వివక్ష బిల్లును ఆ అక్టోబరు 7న గవర్నరు న్యూసమ్ వీటో చేసిండు. ఉన్న చట్టాలు సరిపోతయన్నడు. తమ్ముడు ఆ వార్త నాకు పంపిండు. కింద ఒక్క మాట కూడా రాయలేదు.

చైనా అమ్మాయి మాత్రం తమ్మున్ని ఒకనాడు ఆపి అడిగిందట, మీ అక్క ఆ బోటిని ఇంట్ల ఎట్ల వండుతరో కనుక్కోమని.

ఆ దసరాకు ఊరికి పోయిన. అమ్మ దగ్గర కూర్చొని తమ్మునికి వీడియో కాల్ కలిపి, హోటలు ముచ్చటంత చెప్పిన. టీం లీడు సంగతి అమ్మ పట్టిచ్చుకోలేదు. పడవలు గుంజేటోళ్ల ముచ్చట మాత్రం రెండోసారి చెప్పిచ్చుకుంది. బోటి ఒక్క ప్లేటు పద్నాలుగు డాలర్లు, వెయ్యి రూపాయలు దాటుతది అంటే నోరు తెరిచింది. తర్వాత ఫోను దగ్గరికి గుంజుకొని కొడుకును అడిగింది:

"మంచిగ కడిగిన్రా బిడ్డా? సున్నం పెట్టిన్రా?"

"వాళ్లకు మిషన్లుంటయే అమ్మా" అన్నడు వాడు.

"మిషన్ల కడిగితే పొరల నడుమ గడ్డి పోతదా? ఎవలో ఒకలు చేతులు పెట్టే ఉంటరు. ఈసారి పోతే అడుగు" అన్నది అమ్మ.